పాత ఇంజన్ కట్టాక మిగిలిన సామాను: దాచాలా, తుక్కుకేయాలా?

పాతబండి
1950ల నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఓవర్‌హాల్ పూర్తయింది. మిగిలినవి ఇవి: పాత క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), దాన్ని బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాప్ ఒకటి, పిస్టన్లు 4, ఒకే డబ్బాలో కలిసిపోయిన టాపెట్లు (కామ్‌షాఫ్ట్ తోపును వాల్వులకు అందించే ముక్కలు) 8, వాల్వులు, కార్బురేటర్ బాడీలు రెండు, విప్పిన హెడ్ గాస్కెట్, క్లచ్ ప్లేటు. స్పేర్లు దొరకని బండి కాబట్టి గుండుసూది కూడా పారేయొద్దంటారు కొందరు. సగం తుక్కేనంటారు మరికొందరు. మీరేమంటారు?

గ్రీజుచెయ్యి
నాది మొదటి పార్టీ. అరిగిన క్రాంక్ చచ్చిన క్రాంక్ కాదు. జర్నల్స్‌ను (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాలను) 0.25, 0.50 మి.మీ. అండర్‌సైజ్‌కు, అంటే అంత సన్నగా, గ్రైండ్ చేసి, దానికి తగ్గ షెల్స్ (బేరింగ్ రేకులు) వేసుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన చివరి సైజు కూడా దాటిపోతే మెటల్ నింపి మళ్ళీ స్టాండర్డ్‌కు తేవచ్చు. పిస్టన్లు, వాల్వులు రేపు కొత్తవి చేయించాలంటే నమూనాగా పనికొస్తాయి. స్థలం లేదనడం సాకు మాత్రమే.

మైక్రోమీటర్
గ్రీజుచెయ్యి గారూ, క్రాంక్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, అయితే ముందు మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ జరగాలి. పగులు ఎక్కువగా జర్నల్ అంచు మలుపు దగ్గర, ఆయిల్ రంధ్రం చుట్టూ మొదలవుతుంది. అక్కడ పగిలితే గ్రైండింగ్ ఖర్చు దండగ.

నమూనా మాటే మింగుడుపడటం లేదు. అరిగిన ముక్కను చూసి చేస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది. పాత భాగాన్నే ఇసుక అచ్చులో పెట్టి పోత పోస్తే ఇంకో చిక్కు: పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు 1 శాతం కుంచించుకుపోతుంది, అల్యూమినియం ఇంకొంచెం ఎక్కువ. 200 మి.మీ. పొడవున్న భాగం 2 మి.మీ. పొట్టిదై వస్తుంది, ఆపై మెషినింగ్‌కు మెటల్ మిగలదు. దాచాల్సింది కొలతలు. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్ను వ్యాసం, పిన్ను మధ్య నుంచి పిస్టన్ పై అంచు దాకా ఎత్తు, రింగు గాళ్ళ వెడల్పు, పిన్నుకు అడ్డంగా స్కర్టు (పిస్టన్ కింది భాగం) కొలత రాసుకోండి. నాలుగింటిలో బాగున్న పిస్టన్ ఒక్కటి ఉంచండి, మిగతా మూడూ అల్యూమినియం తుక్కే.

టాపెట్లు కలిసిపోయాయన్నారు కదా, వాటి కథ అక్కడే ముగిసింది. ప్రతి టాపెట్ తన కామ్ లోబ్‌తో (దాన్ని తోసే కామ్‌షాఫ్ట్ ఉబ్బుతో) కలిసి అరుగుతుంది. వేరే లోబ్ మీద పెడితే రెండూ పోతాయి. అడుగు భాగాలు మళ్ళీ గ్రైండ్ చేయించి కొత్త కామ్‌తో వేస్తే తప్ప పనికిరావు.

ఒక సంగతి అడుగుతాను. మెయిన్ క్యాప్ అసలెలా మిగిలింది?

తుక్కుబేరం
అమ్మే ముందు నాలుగు మాటలు. అల్యూమినియం, ఇనుము, ఇత్తడి వేరు చేయండి, అల్యూమినియంలో స్టీలు స్టడ్లు ఉంటే రేటు పడిపోతుంది. స్పోర్ట్స్ కార్ల, విమానాల ఇంజన్లలో కొన్ని ఎగ్జాస్ట్ వాల్వుల కాడలో సోడియం నింపి ఉంటుంది. కాడ లావుగా ఉండి, సైజుకు తగ్గ బరువు లేకపోతే అనుమానించండి. దాన్ని కోయొద్దు, కరిగించొద్దు, సోడియానికి నీళ్ళు తగిలితే మంటలే. బూడిదరంగు తేలికపాటి కేసింగుల మీద ఓ చుక్క వెనిగర్ వేసి చూడండి. బుసబుసా పొంగితే అది మెగ్నీషియం. బీటిల్ కార్ల క్రాంక్‌కేస్ అలాంటిదే. దాని రజనుకు నిప్పంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుకే వేయాలి.

హెడ్ గాస్కెట్, క్లచ్ ప్లేటు మాత్రం నా దగ్గరికి తేవొద్దు. ఆ కాలం వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గీకొద్దు, గాలి కొట్టొద్దు. తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి, ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

గ్రీజుచెయ్యి
మూడు పిస్టన్లు తీసేయమంటే సరే, ఒప్పుకున్నాను. కానీ కార్బురేటర్ బాడీలు?

మైక్రోమీటర్
జింకు పోత అయితే పగుళ్ళు చూడండి. మలినాలున్న పాత జింకు లోపల్నుంచే తుప్పు పట్టి ఉబ్బుతుంది, అది రిపేరుకు లొంగదు. జెట్లు, ఫ్లోట్, త్రాటిల్ స్పిండిల్ విప్పుకుని బాడీ వదిలేయండి.

గ్రీజుచెయ్యి
క్రాంక్‌ను నిలబెట్టే దాచాలి. పడుకోబెడితే వంగుతుంది.

మైక్రోమీటర్
మామూలు ఉష్ణోగ్రతలో తన బరువుకు తానే శాశ్వతంగా వంగేంత మెత్తనిది కాదండీ స్టీలు. మెయిన్ జర్నల్స్ కింద చెక్క దిమ్మెలు పెట్టి పడుకోబెట్టినా నష్టం లేదు. నిలబెట్టి కట్టకపోతే పడి దెబ్బ తింటుంది, ఆ భయం మాత్రం నిజం. అసలు శత్రువు తుప్పు. ఇంజన్ ఆయిల్ రాస్తే నెమ్మదిగా కారిపోతుంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, గ్లోవ్స్ వేసుకుని మందంగా గ్రీజో, మైనం కలిసిన తుప్పు నివారిణో పట్టించండి. వేలిముద్రలు పడిన చోటే ముందు తుప్పు వస్తుంది. వార్తాపత్రికలో మాత్రం చుట్టొద్దు, చెమ్మ పీలుస్తుంది. ఆయిల్ రంధ్రాలు మూసి, ఏ ఇంజనుదో, ఏ సైజో రాసిన రేకు చీటీ వైరుతో కట్టండి. చీటీ లేని క్రాంక్‌ను పదేళ్ళ తర్వాత ఎవరూ కొనరు.

క్యాప్ ప్రశ్నకు జవాబు రాలేదు.

పాతబండి
డబ్బాలో అడుగున దొరికింది. వేరే బ్లాకుది అనుకున్నాను.

మైక్రోమీటర్
అనుకుంటే సరిపోదు. క్యాపులన్నీ బిగించాకే బ్లాకులో క్రాంక్ కూర్చునే రంధ్రాలను ఒకే వరసలో కోస్తారు (లైన్ బోరింగ్), అందుకే ఒక బ్లాకు క్యాప్ ఇంకో బ్లాకుకు కుదరదు. పొరపాటున మీ బ్లాకులో వేరే బ్లాకు క్యాప్ పడి ఉంటే రంధ్రం గుండ్రంగా ఉండదు, షెల్ ఒక పక్క నొక్కుకుని క్రాంక్ పట్టేస్తుంది. స్టార్ట్ చేయకండి. సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దింపి ప్రతి క్యాప్ మీద పంచ్ గుర్తు, బ్లాకు మీద గుర్తు పోల్చండి. ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి సరిపెట్టుకోవద్దు, అది నిలువు సందే చూపిస్తుంది, క్యాప్ పక్కకు జరిగితే పట్టదు. అనుమానముంటే క్రాంక్ తీసి, షెల్స్ లేకుండా క్యాపులు పూర్తి టార్క్‌కు (చెప్పినంత బిగువుకు) బిగించి, రంధ్రం వ్యాసాన్ని బోర్ గేజ్‌తో మూడు దిశల్లో కొలవండి. తేడా 0.025 మి.మీ. దాటితే మళ్ళీ లైన్ బోరింగే.

పాతబండి
మిగిలిన క్యాప్ మీద 2 అని పంచ్ ఉంది. సంపు దింపుతున్నాను.