49 ఏళ్లకే వీఆర్‌ఎస్ తీసుకుంటే పెన్షన్ ఎంత తగ్గుతుంది?

అందరికీ నమస్కారం. నేను 2002లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను, అంటే పాత పెన్షన్ పద్ధతిలోనే ఉన్నాను. అమ్మ మంచం మీద ఉంది, చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు, అందుకే 49 ఏళ్లకే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుందామనుకుంటున్నాను. 20 ఏళ్ల సర్వీసు దాటింది కాబట్టి మూడు నెలల నోటీసు ఇస్తే చాలని తెలుసు.

పెన్షన్ చివరి బేసిక్‌లో సగం, లేదా చివరి 10 నెలల సగటులో సగం, ఏది ఎక్కువైతే అది ఇస్తారు. పూర్తి పెన్షన్‌కి 33 ఏళ్లు ఉండాలన్న పాత నిబంధన ఇప్పుడు లేదు. వీఆర్‌ఎస్ వాళ్లకి సర్వీసులో 5 ఏళ్లు అదనంగా కలుపుతారని మా సీనియర్ ఒకాయన గట్టిగా చెబుతున్నారు, కానీ ఆరో వేతన సంఘం తర్వాత అది తీసేశారు కదా?

నా లెక్కలో అసలు నష్టం గ్రాట్యుటీలో ఉంది. 24 ఏళ్లకి 12 నెలల జీతమే వస్తుంది, 60 దాకా ఉంటే 16.5 నెలలది వచ్చేది. పైగా రాబోయే 11 ఇంక్రిమెంట్లు పోతాయి, బేసిక్ ఇక్కడే ఆగిపోతుంది.

ఇలా ముందే బయటికొచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భృతి) పెరుగుదలతో ఇల్లు గడుస్తోందా? పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకోవడం, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం మంచిదా, 15 ఏళ్లు తగ్గిన పెన్షన్‌తో ఉండాలంటే భయంగా ఉంది. వచ్చే నెలలోపు నోటీసు ఇవ్వాలి, రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.