అప్‌డేట్: కల్విసానో కిందికి దిగింది ఓడిపోయి కాదు

2005, 2008లలో ఇటలీ రగ్బీ చాంపియన్ అయిన కల్విసానో 2009లో కింది డివిజన్‌లో ఎందుకుందన్నది నా మొదటి ప్రశ్న. జవాబు దొరికింది. డబ్బు సరిపోక క్లబ్బే సూపర్ 10ను (అప్పటి అగ్రశ్రేణి లీగ్) వదులుకుని సెరీ ఆలో (రగ్బీలో దాని కింది డివిజన్) పేరు నమోదు చేసుకుంది. అందుకే పాయింట్ల పట్టికలో ఎంత వెతికినా కారణం కనిపించదు. మరుసటి సీజన్ నమోదు జాబితాను పక్కన పెట్టుకుని చూడాలి.

2011లో తిరిగి పైకొచ్చి, 2012లోనే ఫైనల్లో ప్రాతో నగర జట్టు కావలియేరిని ఓడించి టైటిల్ గెలిచింది. బ్రెషా జిల్లాలోని ఒక చిన్న ఊరి జట్టుకు అది అసాధారణం! తర్వాత 2014, 2015, 2017, 2019లలోనూ గెలిచింది. 2023లో మళ్లీ తనంతట తానే అగ్రశ్రేణిని వదులుకుంది. దాంతో 2023-24 సీజన్ 9 జట్లతోనే నడిచింది.