ఇంజిన్ నుంచి వచ్చే గాలిని మనం పీల్చడం సబబేనా?

కపిలతీర్థం
మే నెలలో ఒక మధ్యాహ్నం రేణిగుంటలో హైదరాబాదు విమానం ఎక్కాను. తలుపులు మూశాక ఇరవై నిమిషాలు లోపల ఉడికిపోయాం. సీటు సంచుల్లోని భద్రతా కార్డులే అందరికీ విసనకర్రలయ్యాయి. ఇంజిన్లు అందుకున్నాక చల్లగాలి వచ్చింది. దానితో పాటు తడి మేజోళ్ల వంటి వాసన కూడా ఒకటి రెండు నిమిషాలు వచ్చి పోయింది. పక్కనున్న మా బావమరిది "ఇది ఇంజిన్ లోంచి వచ్చే గాలే బావా" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. ఇంటికి వచ్చి చదివితే నిజమే! బోయింగ్ 787లో ఈ పద్ధతి మానేశారని కూడా తెలిసింది. మానడానికి వీలున్నప్పుడు మిగతా వాటిలో ఎందుకు ఉంచారు?

హార్స్‌లీ గాలి
సబబు కాదు. కారు బానెట్ కింద నుంచి గొట్టం లాగి లోపల పెట్టుకుంటామా? 787 ప్రయాణికులతో ఎగరడం మొదలైంది 2011లో. ఇన్నేళ్లయినా మిగతావి మారలేదంటే అది డబ్బు లెక్క, అంతే.

పుత్తూరు రెంచి
విమానాల మరమ్మతు నా వృత్తి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. బానెట్ పోలిక కుదరదు. జెట్ ఇంజిన్‌లో గాలి ముందు కంప్రెసర్‌లో నలిగి, ఆ తరువాత ఇంధనంతో కలిసి మండుతుంది. మనకు వచ్చే గాలిని ఆ మంటకు ముందే, కంప్రెసర్ నుంచి తీస్తారు. దానినే బ్లీడ్ ఎయిర్ అంటారు. అందులో పొగ ఉండదు. బాగా నలిగిన గాలి కాబట్టి వేడి మాత్రం విపరీతం. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం చేతికి కాలుతుంది కదా, అదే ఇది.

ఎయిర్‌బస్ ఏ320లో సీఎఫ్ఎం ఇంజిన్ ఉన్న రకం తీసుకోండి. మామూలుగా కంప్రెసర్ ఐదవ దశ నుంచి గాలి తీస్తారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అక్కడ పీడనం చాలదు, అప్పుడు తొమ్మిదవ దశ వాల్వు తెరుచుకుంటుంది. ఒక వాల్వు ఆ పీడనాన్ని 44 పీఎస్‌ఐ దగ్గర పట్టి ఉంచుతుంది. అది హద్దు దాటితే మరో వాల్వు దారి మూసేస్తుంది. ప్రీకూలర్‌లో ఇంజిన్ ముందున్న ఫ్యాన్ గాలి తగిలి, వేడి సుమారు 200 డిగ్రీలకు దిగుతుంది. అక్కడి నుంచి గాలి విమానం పొట్టలో ఉండే ప్యాకులకు, అంటే దాన్ని చల్లబరిచే యంత్రాలకు వెళుతుంది.

చిత్తూరు చల్లదనం
అన్నా, నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చిల్లర్ల పని చూస్తాను. 200 డిగ్రీల గాలిని చల్లబరచాలంటే ఎంత గ్యాస్ పట్టాలి? అంత పెద్ద కండెన్సర్ విమానంలో ఎక్కడ పెడతారు?

పుత్తూరు రెంచి
గ్యాసే ఉండదు తమ్ముడూ. అక్కడ గాలే గ్యాసు! ప్యాకులో గాలి మొదట ఒక రేడియేటర్‌లో బయటి గాలి తగిలి చల్లబడుతుంది. తరువాత చిన్న కంప్రెసర్ దాన్ని మళ్లీ నొక్కుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. రెండో రేడియేటర్ ఆ వేడిని కూడా లాగేస్తుంది. చివరికి ఆ గాలి టర్బైన్‌ను తిప్పుతూ వ్యాకోచిస్తుంది. టర్బైన్ చేత పని చేయించిన గాలి తనలోని వేడిని పోగొట్టుకుని మంచులా బయటికి వస్తుంది. ఆ టర్బైనే అదే ఇరుసు మీదున్న కంప్రెసర్‌ను, ఒక ఫ్యాన్‌ను తిప్పుతుంది. నేల మీద విమానం కదలదు కాబట్టి రేడియేటర్లలోకి బయటి గాలిని లాగేది ఆ ఫ్యానే. మే నెలలో రేణిగుంటలో ఆ బయటి గాలి ఎంత వేడిగా ఉంటుందో మీకే తెలుసు.

ముందు వరుసల వారికి చలి, వెనుక వారికి ఉక్క అని గొడవలు వస్తుంటాయి. విమానంలో ఏ భాగం ఎక్కువ చల్లదనం అడిగితే ప్యాకులు ఆ లెక్కకే గాలిని చల్లబరుస్తాయి. మిగతా భాగాలకు వెళ్లే గొట్టాల్లో కొంచెం వేడి బ్లీడ్ గాలి కలుపుతారు.

కపిలతీర్థం గారూ, మీరు ఎక్కినది రెక్కల కింద ప్రొపెల్లర్లు ఉన్న విమానమేనా?

కపిలతీర్థం
అవును, ప్రొపెల్లర్లదే.

పుత్తూరు రెంచి
అయితే ఏటీఆర్ అయి ఉంటుంది. జెట్ల తోకలో నేల మీద గాలి, కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్ ఒకటి ఉంటుంది. ఏటీఆర్‌కు అది లేదు. బదులుగా కుడి ఇంజిన్‌ను నడిపి, ప్రొపెల్లర్ తిరగకుండా బ్రేకు వేసి ఉంచుతారు. దానికి పెట్టిన పేరు హోటల్ మోడ్. ఏ కారణం వల్లనైనా దాన్ని వాడకపోతే, బయటి నుంచి ఏసీ బండి కూడా తగిలించకపోతే, మీరు ఉడకవలసిందే.

హార్స్‌లీ గాలి
యంత్రం గొప్పదే, కాదనను. నా ప్రశ్న అలాగే ఉంది. కంప్రెసర్ బేరింగులకు నూనె ఉంటుంది, దాన్ని బయటికి రాకుండా ఆపే సీళ్లు కారతాయి. ఆ నూనె ఎక్కడికి పోతుంది? 787లో విద్యుత్ కంప్రెసర్లు నేరుగా బయటి గాలిని లాగుతాయి. పైగా క్యాబిన్ పీడనాన్ని 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచగలరు. పాత విమానాల్లో 8,000 దాకా పోతుంది. అంటే ఇంచుమించు రెండు హార్స్‌లీ కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కినట్టు.

పుత్తూరు రెంచి
ఆ 6,000 అడుగుల ఘనత బ్లీడ్ మానేయడం వల్ల వచ్చింది కాదు. ఎయిర్‌బస్ ఏ350లో కూడా అంతే ఉంటుంది, అందులో బ్లీడ్ గాలే వాడతారు. 787 తరువాత, 2015లో సేవలోకి వచ్చిన విమానమది. గట్టిగా తయారైన శరీరం వల్ల అది సాధ్యమైంది. ఇక 787 ఒక్కో ఇంజిన్‌కు 250 కేవీఏ జనరేటర్లు రెండేసి మోస్తుంది. ఆ బరువూ ఊరికే రాదు. రన్‌వే దగ్గర వరుసలో నిలబడితే ముందున్న విమానం పొగ 787 లోపలికీ వస్తుంది.

నూనె విషయం మాత్రం నిజం. సీలు అరిగితే లీకవుతుంది. మా పనిలో అది కొత్త కాదు.

స్వర్ణముఖి
నేను ఎనిమిదేళ్లు విమాన సిబ్బందిగా పని చేశాను. రెంచి గారు ఆ నూనె మాటను ఒక్క వాక్యంలో దాటేశారు. చర్చ అంతా అక్కడే ఉంది సార్. హెపా ఫిల్టర్లు 99.97 శాతం కణాలను పడతాయని గొప్పగా చెబుతారు. అవి పట్టేది క్యాబిన్‌లో తిరిగి వాడే గాలిని, అంటే ఇంచుమించు సగాన్ని. ఇంజిన్ నుంచి కొత్తగా వచ్చే సగం వాటి గుండా పోదు. ఇంజిన్ నూనెలో ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ అనే రసాయనం ఉంటుంది, దాని కొన్ని రూపాలు నరాలకు హాని చేస్తాయి. లోపలికి వచ్చే మోతాదు ఎంత, దాని ప్రభావం ఎన్నాళ్లు ఉంటుంది అన్నదాని మీద వైద్యులే ఒక మాట మీద లేరు. దాన్ని కొలిచే సెన్సర్ చాలా విమానాల్లో ఉండదు. మా ముక్కే సెన్సర్. తడి మేజోళ్ల వాసన అని మాలో ఎందరు చెప్పుకునేవారో!

అలాగని బ్లీడ్ గాలి లేకపోతే బాగుంటుందని కూడా అనుకోవద్దు. ఆ విమానాల్లో క్యాబిన్ పీడనాన్ని నిలిపేది కూడా ఆ గాలే. 2018 సెప్టెంబరులో ముంబై నుంచి జైపూర్ బయలుదేరిన విమానంలో బ్లీడ్ స్విచ్ వేయడం మరిచిపోయారు. పీడనం నిలవక సుమారు ముప్ఫై మందికి ముక్కుల నుంచి, చెవుల నుంచి రక్తం వచ్చింది. విమానం వెనక్కి తిరగవలసి వచ్చింది.

హార్స్‌లీ గాలి
అయితే సెన్సర్ పెట్టమనండి! అది కూడా బరువేనా?

పుత్తూరు రెంచి
కాదు. అక్కడ మీ మాటకు నేను ఎదురు చెప్పను. కంప్రెసర్ మార్చడం కన్నా కొలవడం సులువు. ఎలా కొలవాలి, ఏ మోతాదు దాటితే మోగాలి అన్నదే ఇంకా తెమలని తగవు.

చిత్తూరు చల్లదనం
నాదొక చిన్న సందేహం. అంత చల్లబడితే గాలిలోని తేమ నీరవుతుంది కదా, ఆ నీళ్లు ఎటు పోతాయి?

పుత్తూరు రెంచి
వడకట్టి, రేడియేటర్ మీదికి వచ్చే బయటి గాలిలో చిమ్ముతారు. అది ఆవిరై రేడియేటర్ ఇంకొంత చల్లబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో పైనున్న రంధ్రాల నుంచి తెల్లగా వచ్చేది కూడా తేమే, పొగ కాదు.

చిత్తూరు చల్లదనం
ఎండాకాలం మేము కండెన్సర్ మీద నీళ్లు కొడతాం. అదే పని!

స్వర్ణముఖి
కపిలతీర్థం గారూ, ఆ వాసన సంగతి ఆ రోజు సిబ్బందికి చెప్పారా? చెబితే లాగ్ పుస్తకంలో ఎక్కుతుంది, దిగాక రెంచి గారి వంటి వారు సీలు చూస్తారు.

కపిలతీర్థం
లేదమ్మా. మా బావమరిది చెబుతాడనుకున్నాను. ఇప్పుడే ఫోన్ చేసి అడిగితే, నేను చెబుతాననుకున్నాడట.