బోల్‌సేనా సరస్సు ఊరి పండుగలు: పూలకి ఎప్పుడు, క్రిస్టీనా జాతరకి ఎప్పుడు?

గోదారిగట్టు: రోమ్ నుంచి నలుగురం బోల్‌సేనా పూల పండుగకి వెళ్దామనుకుంటున్నాం. తేదీ ఒక్కోచోట ఒక్కోలా రాశారు. జులైలో ఇంకోటి ఉందట. ఏది మేలు?

ఈస్టర్‌లెక్క: ఈస్టర్‌ని బట్టి మారుతుందండి, అందుకే ఆ గందరగోళం. పూలు పరిచేది కోర్పుస్ దోమినికి, అంటే క్రీస్తు శరీరం పండుగకి. ఈస్టర్‌కి 60 రోజుల తర్వాత వచ్చే గురువారం అసలు రోజు. ఇటలీలో ఆ గురువారం సెలవు కాదు, దాని తర్వాతి ఆదివారం చేస్తారు. అంటే 63 రోజులు కలపండి. 2026లో జూన్ 7, 2027లో మే 30. జూన్ కదా అని గుడ్డిగా టికెట్లు తీసుకుంటే 2027లో బోర్లా పడతారు.

తంగేడుపూలు: ఆ పండుగ చర్చి అంతటికీ పాకడానికి ఈ ఊరే కారణమంటారు. 1263లో ఇక్కడి సాంతా క్రిస్టీనా (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన పునీతురాలు) గుడిలో పూజ చేస్తున్న బొహీమియా ఫాదర్ చేతిలోని అప్పం (క్రీస్తు శరీరంగా భావించే రొట్టె) నుంచి రక్తం కారిందని నమ్మకం. పోప్ నాలుగో అర్బన్ అప్పుడు పక్కనే ఒర్వియేతోలో ఉన్నాడు. 1264లో పండుగని చర్చి అంతటికీ వర్తింపజేశాడు. మరకపడ్డ గుడ్డ ఒర్వియేతో కెథడ్రల్‌లో ఉంది, మరకపడ్డ రాళ్లు బోల్‌సేనాలోనే ఉన్నాయి.

ఇక పూలు. ముందు సుద్దతో నేల మీద బొమ్మ గీస్తారు. మన ముగ్గులాగే, కాకపోతే పిండి బదులు రేకలు. గీతలకి ఎండబెట్టిన కాఫీ పిప్పి, ఆకుపచ్చకి సన్నగా తరిగిన సోంపు మొక్క ఆకు. పసుపుకి జినెస్త్రా, కొండల మీద విరగబూసే పూవు. మన తంగేడూ అదీ చిక్కుడు జాతివే, రంగు కూడా దాదాపు అదే. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి నింపుకుంటూ రావాలి, లేకపోతే నింపినదాన్నే తొక్కాల్సి వస్తుంది.

పాడయ్యేది ఎక్కువగా కోసిన తర్వాతే. తడి రేకల్ని సంచుల్లో కుక్కితే లోపల వేడెక్కి, తెల్లారేసరికి గోధుమరంగుకి తిరుగుతాయి. చల్లటి నేలమాళిగలో పలచగా పరచాలి. గాలికి లేవకుండా నీళ్లు చల్లాలి, అదీ పొగమంచులా. చెంబుతో పోస్తే కాఫీ పిప్పి కారి పసుపులో కలుస్తుంది, ఇంక బాగుచెయ్యలేం.

గోదారిగట్టు: ఎన్నింటికి చేరాలి మరి?

ఈస్టర్‌లెక్క: ఊరేగింపుకి ముందే చేరాలి. అది పూల మీదుగానే వెళ్తుంది, తర్వాత మిగిలేది చెత్తే. శనివారం రాత్రే అక్కడ పడుకుంటే మంచిది. బోల్‌సేనాకి రైలు లేదు. దగ్గరి పెద్ద స్టేషన్ ఒర్వియేతో, అక్కణ్ణుంచి రోడ్డు మీద 20 కిలోమీటర్ల పైచిలుకు. ఆదివారం బస్సుని నమ్ముకోకండి. నలుగురు కాబట్టి కారు అద్దెకి తీసుకోండి.

రాయితేలింది: నన్నడిగితే జులైదే మేలు. 23 సాయంత్రం సాంతా క్రిస్టీనా విగ్రహాన్ని ఆమె గుడి, అదే బసిలికా, నుంచి పైకోటలోని సాన్ సాల్వతోరే గుడికి మోసుకెళ్తారు, 24 పొద్దున తిరిగి కిందికి తెస్తారు. దారిలో చౌరస్తాల్లో వేదికలు కడతారు. విగ్రహం ఎదురుగా రాగానే తెర తీస్తారు: చక్రం, కొలిమి, పాములు, నాలుక కోయడం, ఆమె పడ్డ హింసలన్నీ. ఊరివాళ్లే వేషాలు కట్టి కదలకుండా నిలబడతారు. తెర మూసేదాకా కొద్దిసేపే.

అందరూ చేసే పొరపాటు విగ్రహం వెనకే నడవడం. సందులు ఇరుకు, జనం తలలు తప్ప ఏమీ కనపడదు. ముందుగానే ఒక వేదిక ఎదుట చోటు పట్టుకోండి. సాయంత్రం చూసినవి పొద్దున ఉండవు, వేరేవి వేస్తారు. కాబట్టి రెండు పూటలూ ఉండాలి. బసిలికా లోపల గుహలో నల్లరాయి ఒకటుంది. దాన్ని కట్టి ఆమెని సరస్సులో పడేస్తే తేలిందట, ఆమె పాదముద్రలే దాని మీద ఉన్నాయంటారు. జాతర గుంపులో అది చూడలేరు, మర్నాడు వెళ్లండి.

తంగేడుపూలు: తిండి సంగతి చెప్పలేదు ఎవరూ. సరస్సు చేపలతో స్బ్రోషా అనే పులుసు అడగండి. చింతపండు ఉండదు, కారం తక్కువ. కొరెగోనే చేప వేయించినది అయితే మనవాళ్లకి నోటికి పడుతుంది.