నాగపూర్ విమానానికి తెల్ల ప్లేటు కారులో వెళ్లవచ్చా?

పెన్‌గంగ ఒడ్డు: మా అమ్మాయి ఢిల్లీలో ఉద్యోగంలో చేరవలసి ఉన్నందున నాగపూర్ నుంచి ఉదయం విమానానికి టికెట్లు తీసుకున్నాము. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్ 300 కిలోమీటర్లు దాటుతుంది, పైగా హైదరాబాద్ అవుటర్ రింగు చుట్టి పోవాలి. నాగపూర్ విమానాశ్రయం 200 కిలోమీటర్ల లోపే, వార్ధా రోడ్డు మీద ఊరికి ఇవతలే ఉంది. మా వీధి అబ్బాయి ఒకడు తన సొంత కారులో, అంటే తెల్ల ప్లేటు బండిలో, దించి వస్తానంటున్నాడు. టాక్సీ స్టాండులో అడిగితే రానుపోను కిలోమీటర్లు, బత్తా, టోల్ కలిపి చాలా ఎక్కువ చెప్పారు. తెల్ల ప్లేటుతో సరిహద్దు దాటితే ఇబ్బంది ఉంటుందా?

స్టాండు మనిషి: తప్పకుండా ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ లేని బండిలో కిరాయికి మనుషులను ఎక్కించకూడదు. 2019 సవరణ తరువాత 192-ఏ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉన్న పసుపు ప్లేటు బండినే మాట్లాడుకోండి.

రిటైర్డ్ మాస్టారు: ఆ సెక్షన్ బండి నడిపినవారిని, అలా వాడనిచ్చిన యజమానిని శిక్షిస్తుంది తప్ప, డబ్బు ఇచ్చి కూర్చున్నవారిని కాదు. ప్రశ్న అడిగినవారిని అనవసరంగా భయపెట్టకండి.

ఇచ్చోడ: బస్సులో వెళ్లండి, ఈ గొడవే ఉండదు.

స్టాండు మనిషి: జరిమానా ఎవరు కట్టాలన్నది కాదు మాస్టారూ నేను చెప్పేది. 207వ సెక్షన్ కింద బండిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు, రవాణా అధికారులకు ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు సరిహద్దు అవతల పాండర్‌కవడా దగ్గర బండి పక్కన పెట్టిస్తే సూట్‌కేసులతో రోడ్డు మీద నిలబడేది ఎవరు? విమానం ఎగరడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు.

రిటైర్డ్ మాస్టారు: ప్రయాణికుడికి శిక్ష వేసే సెక్షన్ నెంబరు మాత్రం నువ్వు ఇంతవరకు చెప్పలేదు. నిరుడు మేము యాప్‌లో ముందుగానే పసుపు ప్లేటు టాక్సీ బుక్ చేసుకున్నాము. బయలుదేరవలసిన వేళకు డ్రైవరు ఫోన్ చేసి, తిరుగు కిరాయి విడిగా ఇస్తేనే వస్తానని, లేకుంటే రద్దు చేసుకోమని చెప్పాడు. ఆ రాత్రి మమ్మల్ని విమానానికి అందించినది పక్కింటివారి తెల్ల ప్లేటు బండే.

బీమా చూసే మనిషి: ఇద్దరూ అసలు కాగితాన్ని వదిలేశారు. సొంత కారు పాలసీలో కిరాయికి వాడరాదన్న షరతు ఉంటుంది, ప్రమాదం జరిగితే కంపెనీ ఆ ఒక్క వాక్యం పట్టుకుంటుంది. స్నేహితుడి బండి అనీ, పెట్రోలు డబ్బులే ఇచ్చామనీ చెప్పుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, కానీ ఫోన్‌పేలో పంపిన డబ్బు పక్కన ‘నాగపూర్ కిరాయి’ అని మీరే రాసి ఉంటే ఆ మాట ఎంతసేపు నిలుస్తుంది?

రిటైర్డ్ మాస్టారు: ప్రమాదం పసుపు ప్లేటుకు జరగదా?

స్టాండు మనిషి: మాస్టారికి ఇంత పట్టుదల ఎందుకో స్టాండులో అందరికీ తెలుసు.

రిటైర్డ్ మాస్టారు: తెలిస్తే దాపరికం ఎందుకు తమ్ముడూ, బయటకే అను. మా చిన్నవాడు తెల్ల ప్లేటు బండి నడుపుతున్నాడు. డిగ్రీ చదివి, పరీక్షలు రాసి రాసి, చివరకు అప్పు చేసి కారు కొన్నాడు. ట్రాన్స్‌పోర్టుకు, అంటే పసుపు ప్లేటుకు, మార్చాలంటే అప్పు ఇచ్చినవారి అంగీకార పత్రం కావాలి, వారు నెలల తరబడి తిప్పుతున్నారు. అంతవరకు కిస్తీ ఎవరు కడతారు?

స్టాండు మనిషి: నా కిస్తీ ఎవరు కడుతున్నారు? పర్మిట్ రుసుము, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), కమర్షియల్ బీమా అన్నీ కట్టి వరుసలో నిలబడితే, అవేవీ కట్టనివాడు ఇంటి దగ్గరి నుంచే నా సవారీని తీసుకుపోతున్నాడు. నాగపూర్‌లో దించాక అక్కడి నుంచి సవారీ ఎక్కించుకుంటే అక్కడి టాక్సీవారు ఊరుకోరు, ఖాళీగా రావలసిందే. మీకు ఎక్కువగా కనిపిస్తున్న కిరాయిలో సగం ఆ ఖాళీ బండిదే.

నిర్మల్ వాసి: ఇదంతా ఇద్దరి సంపాదన తగాదా, అడిగినవారికి జవాబు దొరకలేదు.

పెన్‌గంగ ఒడ్డు: దొరికింది. పర్మిట్, బీమా కాగితాలు ముందురోజే వాట్సాప్‌లో పంపినవారికే అడ్వాన్స్ ఇస్తాను, వీధి అబ్బాయికి ఈసారి వద్దని చెబుతాను. అయితే స్టాండు అన్నా, నాగపూర్ ఆస్పత్రుల నుంచి ఆదిలాబాద్ తిరిగి రావలసినవారు రోజూ ఉంటారు కదా, వారిలో ఎవరినైనా ముందే మాట్లాడుకుంటే మాకు కిరాయి తగ్గిస్తారా?

స్టాండు మనిషి: ముందురోజు సాయంత్రానికి సవారీ కుదిరితే తగ్గిస్తాను. కుదరకపోతే రానుపోను ఇవ్వవలసిందే.

రిటైర్డ్ మాస్టారు: ఈ తగ్గింపు సంగతి స్టాండులో అడిగినప్పుడు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?