'సూక్తి' అంటే పిల్లలు నీతివాక్యాలు రాస్తున్నారు, ఇంకో మాట ఉందా?

డిగ్రీ విద్యార్థులకు తెలుగులో రచన నేర్పుతుంటాను. ఈసారి కొన్ని క్లాసులు అఫోరిజం కోసమే పెట్టుకున్నాను. ఒక్క వాక్యం, మహా అయితే రెండు. కథ చెప్పదు, కారణం చెప్పదు, కానీ చదివినవాళ్లను కాసేపు ఆపుతుంది. మొదటిరోజు బోర్డు మీద 'సూక్తి రాయండి' అని రాశాను. పొరపాటు అక్కడే జరిగింది.

వచ్చిన కాగితాలు దాదాపు అన్నీ 'ఆలి'తోనో 'కూడదు'తోనో ముగిశాయి. కాలాన్ని వృథా చేయకూడదు. పెద్దల మాట వినాలి. స్నేహితుణ్ణి కష్టంలో ఆదుకోవాలి. వాళ్లను తప్పుపట్టలేను. సూక్తి అంటే సు + ఉక్తి, మంచి మాట. మంచి మాట అనగానే బడి గోడ మీది నీతివాక్యమే గుర్తొస్తుంది. మీరు గమనించింది చెప్పండి అన్నది నా ఉద్దేశం. వాళ్లు ఎదుటివాళ్లు చేయాల్సింది చెప్పారు.

అఫోరిజం అన్న గ్రీకు మాటకు మూలంలో హద్దు గీయడం అని అర్థం. హొరైజన్‌లో ఉన్నదీ ఆ హద్దే. హిపోక్రటీస్ పేరిట ఉన్న వైద్యవాక్యాల సంకలనానికి ఆ పేరుంది. అందులో మొదటిది 'జీవితం చిన్నది, విద్య పెద్దది' అని మొదలవుతుంది. ఇలా ఉంది అని చెప్పడమే, ఇలా ఉండు అనడం కాదు.

రెండో క్లాసులో 'ఆలి', 'కూడదు', 'వద్దు' మూడూ నిషేధం అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడు 'తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు' అని బోర్డు మీద రాసి, 'మూడే'ని చెరిపి 'మూడు' చేశాను. తాను పట్టిన కుందేలుకు మూడు కాళ్లు. ఏమైంది అని అడిగాను. "ఇప్పుడది పాపం కుంటి కుందేలు మేడమ్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. సరిగ్గా అంతే. మొండితనమంతా ఆ ఒక్క ఏకారంలో ఉంది. అది తీసేస్తే మనిషి పోయి జంతువు మిగిలింది. తెలుగులో క్లుప్తత అంటే మాటలు తగ్గించడం ఒక్కటే కాదనీ, ఒక్క అచ్చు ఎంత బరువు మోస్తుందో చూడడం కూడాననీ ఆ రోజు వాళ్లతో పాటు నాకూ బాగా తెలిసింది.

వెంటనే ఒకమ్మాయి అడిగింది: "మేం రాసిన ప్రతి వాక్యంలో 'చేసేవాడు', 'చెప్పేవాడు' అనే ఎందుకొస్తోంది?" మంచి ప్రశ్న. 'వారు' అంటే వాక్యం పలచబడుతుంది. జవాబు ఆ సామెతలోనే ఉంది. 'తాను'కి ఆడా మగా లేదు. సుమతీ శతకంలో 'తన కోపమె తన శత్రువు' చూడండి. క్రియ లేదు, లింగం లేదు, ఆజ్ఞ లేదు. అందులోనూ ఆ ఏకారమే, హ్రస్వంగా.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ ప్రక్రియను క్లాసులో ఏమని పిలవాలి? సూత్రం అంటే సరిపోతుందా?

జవాబు: సూత్రం వద్దు మేడమ్. సూత్రమంటే దారం, ఒకదాని వెనక ఒకటి ఉంటేనే పని. పాణిని సూత్రాలు సుమారు 4000. చాలా సూత్రాలకు ముందు సూత్రాల నుంచి మాటలు తెచ్చుకుంటే తప్ప అర్థం పూర్తికాదు. దాన్నే అనువృత్తి అంటారు. మీరు అడుగుతున్న వాక్యం ఒంటరిగా నిలబడాలి కదా! పైగా సూత్రలక్షణాల్లో అల్పాక్షరం పక్కనే 'అసందిగ్ధం' అని ఉంది, అంటే రెండో అర్థానికి తావివ్వకూడదు. మీ పిల్లల వాక్యానికి రెండో అర్థం వస్తే మీరు సంతోషించరూ? నా ఓటు 'ముక్తకం'కి. మరో పద్యం తోడు అక్కర్లేని పద్యాన్ని అలా అంటారు. శతక పద్యాలు ముక్తకాలే. మకుటం ఒకటే అయినా ఏ పద్యానికా పద్యం. వచనానికి వాడాలంటే 'ముక్తక వాక్యం' అనవచ్చు.

ఇంకొక జవాబు: పేరు సంగతి తేలేలోపు ఒక అభ్యాసం చెప్తాను. నేనూ పాఠాలు చెప్పేదాన్నే. 'అనగ ననగ రాగ మతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు' వరకు చదివి, తర్వాతి పాదం ఏమిటని అడగండి. 'సాధనమున పనులు సమకూరు ధరలోన' అని చప్పున చెప్పేవాళ్లు తక్కువే. జనం నాలుక మీద వేపాకు మిగిలింది, వివరణ జారిపోయింది. వేమన వివరించడం తప్పని అనను, ఆటవెలదికి నాలుగు పాదాలు కావాలి. కానీ ఒక్క వాక్యం రాసే పిల్లలు ఆ మూడో పాదాన్ని కూడా అందులో కుక్కుతారు. దాన్ని కొట్టేయించడమే నా పనిలో సగం.

మిగతా సగం, గంభీరంగా వినిపించే డొల్ల వాక్యాలు. 'మౌనమే గొప్ప మాట' అని రాస్తారు. తిరగేసి 'మాటే గొప్ప మౌనం' అని చదివి వినిపిస్తాను. రెండూ ఒకేలా గొప్పగా ఉంటే రెంటిలోనూ ఏమీ లేదన్నమాట. పిల్లలే నవ్వి చింపేస్తారు.

మొదటి పోస్టు రాసినవారు: ఇద్దరికీ ధన్యవాదాలండీ. 'ముక్తక వాక్యం' చాలా నచ్చింది, అందులో నీతి వాసన లేదు. తిరగేసే పరీక్ష ఈ వారమే పెడతాను. ఒక్క సందేహం మిగిలింది. నిషేధం తర్వాత ఒక విద్యార్థి ఇలా రాశాడు: 'నమ్మకం ఉన్నచోట ప్రశ్న పుట్టదు, లేనిచోట జవాబు చాలదు.' మొదటి సగం కొట్టేసి 'నమ్మకం లేనిచోట జవాబు చాలదు' అని ఉంచమన్నాను. తీసేసిన సగం మిగిలినదాంట్లో వినిపిస్తూనే ఉంది అనుకున్నాను. అతను ఒప్పుకోలేదు, తూకం పోయింది అన్నాడు.

జవాబు: అతని వైపు కొంత న్యాయం ఉంది మేడమ్. 'పుట్టదు, చాలదు' అన్న జంట చెవికి హాయిగా ఉంది. అయితే మొదటి సగం నిజమేనా? నమ్మకం ఉన్నచోటే కదా మనం ధైర్యంగా ప్రశ్న అడుగుతాం! తూకం కోసం రాసిన సగంలా ఉంది. కొట్టేయమని మీరు చెప్పకుండా, అది నిజమేనా అని అతన్నే అడిగి చూడండి.

మొదటి పోస్టు రాసినవారు: నిజమే, నేను పొడవు చూశాను, నిజం చూడలేదు. సోమవారం అతన్ని అడుగుతాను.