పార్సన్స్‌ను వదులుకోవడం: జీతాల పరిమితి చేయించిన పనా, కౌబాయ్స్ యాజమాన్యం చేజేతులా చేసుకున్నదా?

ఇర్వింగ్‌వాసి:
2025 ఆగస్టు 28న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్టు డల్లాస్ కౌబాయ్స్ యాజమాన్యం తన పాస్ రషర్ (బంతి విసిరి దాడి నడిపే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే రక్షణ ఆటగాడు) మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు అప్పగించి, బదులుగా 2026, 2027 సంవత్సరాల మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులు) రెండింటిని, డిఫెన్సివ్ టాకిల్ (రక్షణ దళపు లోపలి వరుస ఆటగాడు) కెన్నీ క్లార్క్‌ను తీసుకుంది. ప్యాకర్స్ వెంటనే అతనితో నాలుగేళ్లకు 188 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. సగటున ఏడాదికి 47 మిలియన్లు అందుకునే ఈ ఒప్పందంతో, క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాళ్లలో అంతవరకు ఎవరికీ దక్కనంత జీతం అతనికి దక్కింది. 2025 సీజన్ ముగిసింది, మన కౌబాయ్స్ జట్టు 7 విజయాలు, 9 ఓటములు, ఒక డ్రాతో ఇంటికి చేరింది. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మన తెలుగువారు నలుగురు కలిసిన చోటల్లా ఒకే మాట వినిపిస్తోంది: "జీతాల పరిమితి ఉంది కదా, క్వార్టర్‌బ్యాక్ ప్రెస్కాట్, రిసీవర్ (బంతి అందుకునే ఆటగాడు) ల్యాంబ్, పార్సన్స్ ముగ్గురికీ అంతంత ఇవ్వడం ఎలా కుదురుతుంది?" ఈ మాటను నేను ఒప్పుకోను. ఆటగాళ్ల జీతాలకు జట్టు ఏడాదిలో పెట్టగల ఈ పరిమితి అందరికీ ఒకటే, 2025లో ఒక్కో జట్టుకు 279.2 మిలియన్లు. 2024లో అంతకన్నా తక్కువ పరిమితిలోనే ఫిలడెల్ఫియా ఛాంపియన్ జట్టును కట్టింది. ఈ 279.2లోనే ప్యాకర్స్ పార్సన్స్‌ను ఇముడ్చుకున్నారు. మన దగ్గర లేనిది డబ్బు కాదు, సకాలంలో సంతకం చేయించుకునే పద్ధతి.

ప్లేనో లెక్కలమనిషి:
ఇర్వింగ్‌వాసి గారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది కానీ అంకెలను పక్కన పెట్టి మాట్లాడలేము. డాక్ ప్రెస్కాట్ ఒప్పందం నాలుగేళ్లకు 240 మిలియన్లు, అంటే ఏడాదికి 60. సీడీ ల్యాంబ్‌ది నాలుగేళ్లకు 136, అంటే ఏడాదికి 34. వాటికి పార్సన్స్ 47 కలిపితే 141 అవుతుంది, అది 279.2లో సగం దాటిపోతుంది. జట్టులో 53 మంది ఉండాలి. మిగిలిన యాభై మందిని మిగిలిన సగంతో పోషించాలి, వారిలో టైలర్ స్మిత్, డారన్ బ్లాండ్ వంటి మనమే పెంచుకున్న ఆటగాళ్లు కూడా ఉన్నారు. వారిద్దరికీ ఈ సీజన్ మొదట్లోనే ఒకరికి 96, మరొకరికి 92 మిలియన్ల కొత్త ఒప్పందాలు ఇచ్చారు. పార్సన్స్ ఉండి ఉంటే వీరిలో ఎవరిని వదులుకునేవారో చెప్పకుండా, అతన్ని ఉంచుకోవలసిందని అనడం సగం లెక్కే అవుతుంది.

ఫ్రిస్కో పాఠకురాలు:
లెక్కలమనిషి గారు సగటు జీతాన్నే పరిమితిలో పడే భారంగా చూపుతున్నారు. ఆ రెండూ ఒకటి కావు, ఈ చర్చ అంతా అక్కడే తిరుగుతోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఆటగాడికి సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ ఒకేసారి చేతికి అందినా, పరిమితి లెక్కలో దాన్ని గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచుతారు. ప్యాకర్స్ పార్సన్స్‌కు 44 మిలియన్ల బోనస్ ఇచ్చారు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 8.8 మిలియన్లు, దానికి ఆ సంవత్సరపు కనీస స్థాయి జీతం కలిపితే 2025లో వారి లెక్కలో పడ్డది సుమారు 10 మిలియన్లు మాత్రమే. అదే ఆటగాడు మన దగ్గర పాత ఒప్పందపు ఐదో ఏడాదిలో ఉండి ఉంటే 24 మిలియన్ల భారం పడేది. అంటే కొత్త ఒప్పందం ఇవ్వడం వల్ల ఆ ఏడాది మన పరిమితిలో చోటు తగ్గేది కాదు, పెరిగేది.

ఇది యాజమాన్యానికి తెలియని విద్య కాదు. 2025 మార్చిలో ప్రెస్కాట్, ల్యాంబ్‌ల జీతాలను బోనస్‌లుగా మార్చి, భారాన్ని రాబోయే సంవత్సరాలకు నెట్టి, దాదాపు 56 మిలియన్ల చోటు సంపాదించింది వీరే. పైగా ఆ పరిమితి కూడా నిలిచి ఉండేది కాదు: 2021లో 182.5, 2024లో 255.4, 2025లో 279.2, 2026లో 300 దాటుతుందని అంచనా. నేటి 47 మిలియన్లను నేటి పరిమితితోనే కొలిచి, నాలుగేళ్ల ఒప్పందాన్ని తూచడం సరికాదు.

ప్లేనో లెక్కలమనిషి:
ఫ్రిస్కో పాఠకురాలు గారూ, మీరు చెప్పిన విధానం నిజమే, కానీ అందులో తీసుకునే సగమే చెప్పారు, కట్టే సగం వదిలేశారు. చీటీని మొదటి నెలలోనే పాడుకున్నవాడికి చేతిలో డబ్బు ఉంటుంది, ఆపైన చివరి నెల వరకు కడుతూనే ఉండాలి. ప్రెస్కాట్, ల్యాంబ్‌ల భారం ముందుకు నెట్టిన ప్రతిసారీ 2027, 2028ల లెక్క బరువెక్కుతుంది. ఆ లోపు ఆటగాడు వెళ్లిపోతే, ఇంకా లెక్కకు రాని బోనస్ అంతా ఒక్కసారిగా డెడ్ మనీగా మన నెత్తిన పడుతుంది, ఆటగాడు ఉండడు, భారం ఉంటుంది.

మన జట్టుకు ఈ అనుభవం కొత్తది కాదు. 1994లో 34.6 మిలియన్లతో ఈ పరిమితి మొదలైన మరుసటి ఏడాదే మన జట్టు యజమాని జెర్రీ జోన్స్ డియాన్ శాండర్స్‌కు దాదాపు 13 మిలియన్ల బోనస్‌తో ఏడేళ్ల ఒప్పందం ఇచ్చారు. ఆ సీజన్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయం వచ్చింది, నిజమే. ఆ తరువాత, వయసు మీరిన తారల భారం మోస్తూ, వారి వెనుక నిలబడగల రెండో వరుస ఆటగాళ్లను నిలుపుకోలేక జట్టు ఎలా పలచబడిందో ఆ కాలం చూసినవారికి తెలుసు. 1996 జనవరి నుంచి ఇప్పటి వరకు మళ్లీ సూపర్ బౌల్ ముఖం చూడలేదు.

ఇంకొక ఉదాహరణ. కాన్సస్ సిటీ 2022 మార్చిలో తన రిసీవర్ టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చి ఐదు డ్రాఫ్ట్ ఎంపికలు తీసుకుంది. అప్పుడు ఆ అభిమానులు కూడా ఇలాగే బాధపడ్డారు. ఆ తరువాతి రెండు సీజన్లలోనూ సూపర్ బౌల్ గెలిచింది వారే. గొప్ప ఆటగాడిని సరైన సమయంలో ఇచ్చి చవకైన యువకులను తెచ్చుకోవడం ఈ పరిమితి ఉన్న లీగ్‌లో బతికే మార్గం.

ఓక్లండ్ పాతకాపు:
నేను రైడర్స్ అభిమానిని. కాన్సస్ సిటీ దగ్గర క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఉన్నాడు కాబట్టి హిల్ వెళ్లినా దాడి ఆగలేదు, ఆ పోలికను అంత సులభంగా డల్లాస్‌కు తేలేరు. సరిగ్గా సరిపోయే పోలిక మాది. 2018 సెప్టెంబరులో, సీజన్‌కు వారం ముందు, మా జట్టు ఖలీల్ మాక్‌ను షికాగోకు ఇచ్చింది. అతనూ పాస్ రషరే, అతనూ ఒప్పందపు చివరి ఏడాదిలోనే ఉన్నాడు, అప్పుడూ వచ్చినవి రెండు మొదటి రౌండ్ ఎంపికలే. అప్పుడూ "ఒక్కడికే అంత ఇస్తే మిగతా జట్టు ఎలా" అన్న వాదనే వినిపించింది.

ఆ ఎంపికలతో 2019లో 24వ స్థానంలో జాష్ జేకబ్స్‌ను, 2020లో 19వ స్థానంలో డేమన్ ఆర్నెట్‌ను తీసుకున్నారు. జేకబ్స్ మంచి ఆటగాడే, మా తరఫున బాగా పరుగెత్తాడు, ఆ తరువాత వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ఆర్నెట్‌ను 2021 నవంబరులోనే వదిలేశారు. మాక్‌ను తీసుకున్న జట్టు మెరుగవుతుంది కాబట్టి దాని ఎంపిక సహజంగానే దిగువకు జారుతుంది, మొదటి రౌండ్ అన్న పేరు మాత్రం మిగులుతుంది. నాలుగేళ్లలో 52.5 సాక్‌లు (ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడం) సాధించి, ప్రతి సీజన్‌లోనూ 12కు తగ్గని పార్సన్స్ వంటి ఆటగాడు డ్రాఫ్ట్‌లో ఎన్నేళ్లకు ఒకసారి దొరుకుతాడో మీరే ఆలోచించండి. మీకు అతను 12వ స్థానంలో దొరికాడు. అది మళ్లీ మళ్లీ జరిగేది కాదు.

హ్యూస్టన్ నుంచి ఒక మాట:
పార్సన్స్‌కు డిసెంబరు 14న డెన్వర్‌తో ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగింది. ఆ 188 మిలియన్ల ఒప్పందం మన లెక్కలో ఉండి ఉంటే ఈ రోజు ఈ చర్చ మరోలా ఉండేది. దీనిని ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను.

ఫ్రిస్కో పాఠకురాలు:
ఆగస్టులో తీసుకున్న నిర్ణయాన్ని డిసెంబరులో జరిగిన గాయంతో సమర్థించడం న్యాయం కాదు. ఆ ప్రమాదం క్లార్క్‌కూ ఉంది, ఇంకా డ్రాఫ్ట్ కాని కుర్రవాడికీ ఉంది. గాయపడే వరకు అతను 12.5 సాక్‌లు చేశాడన్నది కూడా అదే ఊపులో చెప్పాలి.

ఇర్వింగ్‌వాసి:
గాయం సంగతి అక్కడితో వదిలేసి, నేను మొదట అన్న ఆలస్యం దగ్గరకు వస్తాను, ఎందుకంటే లెక్కలమనిషి గారు దానికి ఇంకా జవాబు ఇవ్వలేదు. 2021లో డ్రాఫ్ట్ అయిన పార్సన్స్‌తో 2023 సీజన్ ముగిసిన వెంటనే కొత్త ఒప్పందం చేసుకునే అవకాశం నిబంధనల ప్రకారం వచ్చింది. 2024 వేసవిలో పాస్ రషర్లలో అత్యధిక జీతం శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు నిక్ బోసాది, ఏడాదికి 34 మిలియన్లు. అప్పుడు దానికి రెండు మూడు మిలియన్లు పైన ఇచ్చినా సంతకం అయ్యే పరిస్థితి ఉండేది. మన యాజమాన్యం వేచి చూసింది. 2025 మార్చిలో మాక్స్ క్రాస్బీ 35.5 దగ్గర సంతకం చేశాడు. అదే నెలలో మైల్స్ గారెట్ 40కి చేరాడు. జులైలో టి.జె. వాట్ 41 తీసుకున్నాడు. ఆగస్టు వచ్చేసరికి ధర 47 అయింది. ఏడాది జీతంలో 10 మిలియన్లు, ఆపైన పెరిగిన ఈ భారాన్ని పరిమితి పెట్టలేదు, ఏడాది పాటు కదలకుండా కూర్చున్న యాజమాన్యం పెట్టుకుంది.

ఇది ఒక్కసారి జరిగి ఉంటే సరిపెట్టుకునేవాణ్ని. ప్రెస్కాట్‌తో 2019లో ఒప్పందం కుదరలేదు, 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని నిర్ణీత జీతంతో ఒక్క ఏడాది ఆపుకునే హక్కు) కింద 31.4 మిలియన్లు చెల్లించారు, 2021లో 160 మిలియన్లు ఇవ్వడమే కాక మళ్లీ ట్యాగ్ వేయకూడదన్న షరతుకూ తలవంచారు. ఆ షరతు చేతిలో ఉన్నందువల్లే అతను 2024లో 60 మిలియన్లు అడిగి తీసుకోగలిగాడు. ల్యాంబ్ శిక్షణ శిబిరం మొత్తం బయట కూర్చున్న తరువాతే ఆ ఆగస్టు చివర్లో సంతకం అయింది. మూడు ఒప్పందాలు, మూడింటిలోనూ ఒకే ఆలస్యం, ప్రతిసారీ పెరిగిన ధర. మూడింటినీ సకాలంలో చేసుకొని ఉంటే మీరు చెప్పిన 141 ఎక్కడ ఆగేదో లెక్క వేయండి.

ఇక ఆదా చేసిన డబ్బు ఏమైందో కూడా చూద్దాం. మార్చిలో ఓసా ఒడిగిజువాకు నాలుగేళ్లకు 80 మిలియన్లు ఇచ్చారు. ఆగస్టులో క్లార్క్ వచ్చాడు, అతని ఒప్పందం ప్యాకర్స్ మూడేళ్లకు 64 మిలియన్లకు చేసినది. నవంబరు 4న 2026 రెండో రౌండ్ ఎంపికను, 2027 మొదటి రౌండ్ ఎంపిక ఒకటిని, మాజీ స్మిత్ (Mazi Smith) అనే ఆటగాణ్ని న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చారు, అతనిది నాలుగేళ్లకు 96. ఈ ముగ్గురూ ఆడేది లోపలి వరుసలోనే. ముగ్గురి సగటు కలిపితే ఏడాదికి 65 మిలియన్లు. పార్సన్స్‌కు 47 ఇవ్వలేమన్న జట్టు చేసిన పని ఇది. అయినా ఈ సీజన్‌లో లీగ్ మొత్తంలో ప్రత్యర్థులకు అత్యధిక పాయింట్లు ఇచ్చింది మన రక్షణ దళమే, దాని కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్ ఉద్యోగం కూడా పోయింది.

గుంటూరు నుంచి చూసేవాణ్ని:
తెల్లవారుజామున లేచి ఆటలు చూసే నాకు ఒక సందేహం. పార్సన్స్ ఉన్న రోజుల్లో కూడా మన జట్టు బంతిని పరుగెత్తించే ప్రత్యర్థులను ఆపలేకపోయేది. 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో ఇదే ప్యాకర్స్ మన సొంత మైదానంలోనే 48 పాయింట్లు కొట్టారు, అప్పుడు పార్సన్స్ ఉన్నాడు కదా. లోపలి వరుసను బలపరచడం అవసరమే అనిపిస్తుంది. అందుకు అతన్నే ఇవ్వాలా అన్నదే నాకు తేలడం లేదు.

ఇర్వింగ్‌వాసి:
లోపలి వరుస అవసరమన్నది నేను కాదనను. విలియమ్స్ వచ్చాక పరుగు దాడిని ఆపడం మెరుగైందని నేనూ చూశాను. అయితే విలియమ్స్‌ను మన సొంత ఎంపికలతోనే తెచ్చుకోవచ్చు, దానికి పార్సన్స్ వెళ్లిపోవడం షరతు కాదు.

ప్లేనో లెక్కలమనిషి:
ఆలస్యం ఖరీదైనదన్న విషయంలో మనకు భేదం లేదు. జెర్రీ జోన్స్ మార్చిలో ఏజెంటును పక్కన పెట్టి నేరుగా పార్సన్స్‌తో మాట్లాడి, అదే ఒప్పందమని భావించడం కూడా నాకు నచ్చలేదు. ఏజెంటు అందుకు ఒప్పుకోకపోవడం, ఆగస్టు 1న ఆటగాడు బదిలీ కోరడం దాని ఫలితమే. కానీ మనం నిర్ణయాన్ని తూచవలసింది ఆగస్టు చివరన ఉన్న స్థితిలో. అప్పటికి ధర 47 అయిపోయింది, సంబంధం చెడిపోయింది. ఆ రోజున రెండు మొదటి రౌండ్ ఎంపికలు, 24 మిలియన్ల చోటు చేతికి రావడం చెడ్డ బేరం కాదు. విలియమ్స్ కోసం ఇచ్చిన తరువాత కూడా 2026 డ్రాఫ్ట్‌కు మొదటి రౌండ్‌లో రెండు ఎంపికలు మన చేతిలో మిగిలాయి. మొదటి రౌండ్‌లో వచ్చిన కుర్రవాడు నాలుగేళ్లు, కావాలంటే ఐదో ఏడూ, మార్కెట్ ధరలో కొంత భాగానికే ఆడతాడు. ప్రెస్కాట్ భారం పెరిగే సంవత్సరాల్లో అలాంటివారు ఇద్దరు జట్టులో ఉండడం విలాసం కాదు.

ఫ్రిస్కో పాఠకురాలు:
అయితే మీ పద్ధతినే 2026 వేసవిలో మన రిసీవర్ జార్జ్ పికెన్స్‌కు వర్తింపజేయండి. 2025 మే నెలలో పిట్స్‌బర్గ్ నుంచి ప్రధానంగా ఒక మూడో రౌండ్ ఎంపికకే వచ్చాడు, 1,400 గజాలకు పైగా సాధించాడు, ఒప్పందం 2025 సీజన్‌తోనే ముగిసింది. ట్యాగ్ వేసి మళ్లీ ఏడాది కూర్చుందామా, లేక ఇప్పుడే మూడు నాలుగేళ్లకు సంతకం చేయించుకుందామా?

ప్లేనో లెక్కలమనిషి:
ట్యాగ్ వేయాలి. ఒక్క సీజన్ ఆటను చూసి ల్యాంబ్ పక్కన ఇంకొక 30 మిలియన్ల రిసీవర్‌ను నాలుగేళ్లకు కట్టుకోను. ఆ డబ్బు పాస్ రషర్ కోసం ఉంచాలి, ఎందుకంటే ఇప్పుడు మన దగ్గర లేనిది అదే.

ఇర్వింగ్‌వాసి:
ఇప్పుడే సంతకం చేయించుకోవాలి, మార్చిలో మార్కెట్ తెరుచుకునే లోపే. ట్యాగ్ మొత్తం బోనస్‌లాగా ఐదేళ్లకు పంచడానికి వీలులేనిది, అంతా ఒకే ఏడాది లెక్కలో పడుతుంది. దీర్ఘకాల ఒప్పందమైతే మొదటి ఏడాది భారం అందులో సగం కూడా ఉండనక్కరలేదు, మీరు కోరే పాస్ రషర్‌కు చోటు దొరికేది ఆ తేడాలోనే.